ఐతారం పెద్ద

“గా దినం మా ఇంట్ల పెద్దను నేను గాదు బిడ్డా, మా చిరంజీవి. బేస్తారం గద,” అన్నాడు రాజమల్లయ్య. “పెద్ద పండుమన్నడు. పండిన.”

వందనకు సగమే అర్థమైంది. ఆమె సిద్దిపేటలో సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతుంది. నారాయణరావుపేటలో కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే గౌడ ఒకాయన తన పిల్లలను ఇంట్లోనే నలుగురికి ముందు నిలబడేలా తయారుచేశాడని ఎవరో చెబితే, ఎలాగో తెలుసుకుందామని ఆదివారం పూట బస్సెక్కి వచ్చింది. ఆ ఇంటి కొడుకు చిరంజీవి ఇక లేడన్న సంగతి మాత్రం గోడ మీద దండ వేసిన ఫోటో చూశాకే తెలిసింది.

“మొదటి నుంచి చెప్పు కాకా,” అంది మెల్లగా.

“చెప్పనీకేమున్నది? పిల్లలకు రాజ్యం రాసిచ్చిండు,” అంది రామవ్వ, చిక్కుడుకాయల నార తీస్తూ, మొగుడి వంక చూడకుండానే.

కరోనాకు బడులు మూతపడ్డప్పుడు మొదలైందట. ఇద్దరు పిల్లలకు ఒక్కటే ఫోను. పాఠం సగం వినబడేది, సగం గాలికి పోయేది. రాజమల్లయ్యకు చదువు అంతంతమాత్రం. అందుకని తనకు తెలిసిందే నేర్పుదామనుకున్నాడు. వారంలో తలా ఒక రోజు ఇంటికి పెద్ద. బేస్తారం, అంటే గురువారం, కొడుకుది; ఐతారం, అంటే ఆదివారం, కూతురు వినీతది. ఆ రోజు పెద్ద చెప్పిన మాట కన్నవాళ్లయినా వినాల్సిందే. కాకపోతే కష్టమైన పని ఏదుంటే అది పెద్దే చేయాలి. అందరూ తిన్నాకే తినాలి.

“మొదటి ఐతారం మా పొల్ల ఏమన్నదో ఎరికేనా? మూడు పూటలు సర్వపిండే అన్నది,” అంటుంటే రాజమల్లయ్య ముఖం విచ్చుకుంది. “ఆఖర్ల తినాలె గద, మాపటికి దానికే తక్కువ పడ్డది. ఏడ్సుకుంట మజ్జిగ తాగి పన్నది. మళ్ల ఐతారం పొద్దుగాల్నే పిండి డబ్బాల మూతలన్ని తీసి చూసింది.”

“నాకు గూడ హుకుం జేసింది, బాపు మీద ఒర్రద్దని, కొట్లాడద్దని,” అంది రామవ్వ. “గా ఒక్క దినం మీ కాకకు పండుగ.”

చిరంజీవి ఆ అలవాటులోనే పెద్దవాడయ్యాడు. వీధిలైట్లు వెలగకపోతే తానే పోయి అడిగేవాడు. పక్కింటివాళ్లు కోళ్ల కోసం కొట్లాడుకుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఊళ్లోవాళ్లు మొదట్లో ఎగతాళికి ‘పెద్దా’ అని పిలిచారు. తర్వాత తర్వాత నిజంగానే పిలవసాగారు.

పోయిన మిరుగు రోజుల్లో, తొలకరి వానలప్పుడు, ఒక బేస్తారం. రాజమల్లయ్యకు జ్వరం, బయట ముసురు. తాటిగెలకు కత్తి పెట్టకుండా వదిలేస్తే కల్లు ఆగిపోతుంది, ఎవరో ఒకరు ఎక్కాలి. నడుముకు వేసుకుని చెట్టెక్కే మోకును తండ్రి చేతిలోంచి కొడుకే తీసుకున్నాడు.

“‘ఇయ్యాల పెద్దను నేను. నువ్వు పండు బాపూ, చెట్టు నేనెక్కుత’ అన్నడు. నేను పెట్టిన రూలేనాయె. ఎట్ల కాదందు?”

మాను తడిసి ఉంది. కాలు జారింది.

వినీత చాయ్ తెచ్చింది. పద్నాలుగు పదిహేనేళ్లుంటాయి. “ఇయ్యాల ఐతారమే గద! అయితే పెద్దవు నువ్వే,” అంది వందన నవ్వుతూ. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

“గప్పటి సంది గంతే,” అన్నాడు రాజమల్లయ్య గొంతు తగ్గించి. “ఏం వండాలె అంటె ‘మీ ఇష్టం’ అంటది. బళ్లె లీడరుగ ఉండుమంటె ఉండనన్నదట. నేను ఐతారం ఐతారం మోకు భుజానేసుకొని దాని ముంగట నిలవడుత. ‘ఎక్కల్నా, వద్దా, చెప్పు పెద్దా’ అంట. నోరిప్పదు. ఎక్కుమంటె నాకేమైతదో, వద్దంటె నా బదులు ఎవరెక్కుతరో అని దాని భయం.”

“ఇప్పకపోతెనే మంచిగైంది!” రామవ్వ చేతిలోని చిక్కుడుకాయ చాటలోకి విసిరింది. “ముంగట నిలవడ్డోడు పోయిండు. దీన్నన్న ఎనుక నిలవడనియ్యి. నాకు లీడర్లద్దు, నా పిల్ల గావాలె.”

రాజమల్లయ్య కొయ్యకు వేలాడుతున్న మోకునే చూస్తూ కూర్చున్నాడు. చాయ్ చల్లారిపోయింది.

“నేర్పింది తప్పని నా నోటికి రాదు బిడ్డా,” అన్నాడు. “నేను తప్పంటె, వాడు చేసింది గూడ తప్పయితది.”

వందన వెళ్లడానికి లేచింది. ఆయన వాకిలి దాకా వచ్చి, లోపలికి వినబడకుండా అన్నాడు:

“ఒక్క పని చేసిపో. దర్వాజ కాడ నిలవడి మా పొల్లను అడుగు, సిద్దిపేటకు బస్సుల పోవాల్నా, ఆటోల పోవాల్నా అని. దాంట్ల ఎవ్వలికేం గాదు. జర సేపు పడుతది, తొందరపెట్టకు. బస్సు పోతె పోనీ. అది ఏది చెప్తె గదే ఎక్కు.”