ఎల్వుడ్ కార్బైన్ కొన్న శనివారం

మా వీధి చివర ఉండే ఎల్వుడ్ క్రైసింగర్ ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉంటోందని మా చర్చికి వచ్చే నోర్మా పుట్టించిన మాట పచ్చి అబద్ధం. చర్చి వంటగదిలో పుట్టిన ఆ మాట, చికెన్ కార్న్ సూప్ పొయ్యి మీంచి దిగేలోపే ఊరంతా చుట్టేసింది. తల మీద ఒక్క వెంట్రుక లేని మనిషి, జుట్టుకి రింగులు తిప్పుకునే పలచటి కాగితాలు పెట్టెలకి పెట్టెలు కొంటుంటే నోర్మా చూసింది. చూసింది నిజమే. అల్లిందే అబద్ధం.

నేను అల్లుకుంటూ కూర్చునే రకాన్ని కాదు. తీపి యాపిల్ 'పై' ఒకటి చేసి పట్టుకుని సరాసరి వాళ్ళింటికే వెళ్ళాను. ఎల్వుడ్ పాల ట్యాంకరు నడిపి రిటైరైనవాడు, భార్య పోయి చాలా కాలమైంది. వంటింటి బల్ల నిండా ఆ కాగితాలే. ఒక్కొక్కదాన్నీ సన్నటి కర్రముక్కకి చుట్టి, జిగురు రాసి, గొట్టంలా చేసి ఆరబెడుతున్నాడు. అందులో తుపాకిమందు పోసి మడిస్తే తూటా. గుండు ఉండదు. చప్పుడూ, పొగా, అంతే.

ఏటా జూన్‌లో మా ఊరి పక్క మైదానంలో పాత అమెరికా అంతర్యుద్ధాన్ని నాటకంలా మళ్ళీ ఆడతారు. ఎల్వుడ్ ఉత్తరాది సైన్యపు గుర్రపుదళంలో ఉంటాడు. వాళ్ళు గుర్రాలు దిగి పోరాడే ముందు వరసలో నిలబడి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క చెప్పుకుంటారు. ప్రతి నాలుగోవాడూ మిగతా ముగ్గురి గుర్రాలు కూడా పట్టుకుని వెనక చెట్ల కింద ఉండిపోవాలి. కార్బైనంటే గుర్రపు సిపాయిల పొట్టి తుపాకి. అది ఎల్వుడ్‌కి లేదు. అందుకని అతన్ని లెక్కలోకే తీసుకోకుండా ఏళ్ళ తరబడి గుర్రాల దగ్గర నిలబెట్టారు. తూటాలు చుట్టేది ఇతను, పేల్చేది వాళ్ళు.

"ఈసారి కొంటున్నా ఆర్డిత్! పడవ అమ్మేశా. శనివారం మధ్యాహ్నం తనిఖీకి చేతిలో కార్బైన్ ఉంటే వరసలోకి రమ్మన్నాడు కెప్టెన్."

"అయితే నేనూ వస్తా."

"అక్కడ నీకేం పని?"

"చూడ్డమే నా పని. ఇన్నాళ్ళయినా తెలీలేదా?"

శనివారం పొద్దున్నే మైదానం అంచున అంగళ్ళ గుడారాలు లేచాయి. ఎండ మాడ్చేస్తోంది. ఎల్వుడ్ మాత్రం ఉన్ని కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని, నాకు అందకుండా అంగలు వేస్తున్నాడు. పాత నమూనా చూసి కొత్తగా చేసిన కార్బైన్లు మొదటి గుడారంలోనే దొరికాయి. అందులో ఒకదాని ఇత్తడి బిగింపులు తళతళలాడుతున్నాయి.

"అబ్బ, ఎంత బావుందో! ఇదే తీసుకో" అన్నాను.

ఎల్వుడ్ దాన్ని చెంపకి ఆనించుకుని చూశాడు, పర్సు కూడా తీశాడు. అంతలో చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, ఇత్తడి! మా దళానికి ఇచ్చినవి ఇనుప బిగింపులవి. ఇది పట్టుకెళ్తే కెప్టెన్ నన్ను బ్యాండువాళ్ళలో కూర్చోబెడతాడు."

"ఎప్పటి సంగతి సార్ అది, ఇప్పుడెవరు చూస్తారు?" అన్నాడు అంగడివాడు.

"ఈ మైదానంలోనా? చొక్కా గుండీలు కూడా తిరగేసి చూస్తారయ్యా ఇక్కడ!"

రెండో గుడారంలో టోపీలూ పిస్తోళ్ళూ తప్ప ఏం మిగల్లేదు. అటు తనిఖీకి మొదటి బూరా ఊదారు. ఎల్వుడ్ మొహం పాలిపోయింది. నేను అతని మోచెయ్యి పట్టుకుని చివరి గుడారానికి లాక్కుపోయాను. అక్కడ జోసీ అనే లావుపాటి ఆవిడ పెట్టె మీద కూర్చుని నిమ్మరసం తాగుతోంది.

"ఇనుప బిగింపుల కార్బైన్ ఉందా తల్లీ?" అని నేనే అడిగాను.

దుప్పట్ల కింద నుంచి ఒకటి లాగింది. వాడినదే, కానీ శుభ్రంగా ఉంది. ఎల్వుడ్ గొట్టం మీద వేలితో తడిమి, "ఇప్పటివన్నీ ఇటలీలో చేసినవేగా, ఆ అక్షరాలుండాలే?" అన్నాడు.

"నేనే ఆకురాయితో గీకేశా. యుద్ధం నాడు ఇటలీ ఎక్కడిది?"

తుపాకి కింద ఉన్న పిడిని ఎల్వుడ్ లాగితే వెనక భాగం సర్రున జారింది. మళ్ళీ పైకి నొక్కితే టక్కున మూసుకుంది. తర్వాత మందుకి నిప్పంటించే చిటికెనవేలి గోరంత రాగి టోపీ పెట్టి, గొట్టం మూతిని గడ్డిపరకల దగ్గరికి వంచి మీట నొక్కాడు. ఠప్! ఎదురుగా గడ్డి అల్లాడింది.

"దారి శుభ్రంగా ఉంది! గాలి వెళ్ళింది, చూశావా ఆర్డిత్?"

"చూశాలే, డబ్బిచ్చి పరిగెత్తు!"

కెప్టెన్ డీట్రిక్ కార్బైన్‌ని అటూ ఇటూ తిప్పి, మీసం దువ్వుకుని, "వరసలోకి రా, క్రైసింగర్" అన్నాడు. చూసేవాళ్ళకి కట్టిన తాడు ఇవతల నుంచి నేను వేలితో లెక్కపెట్టాను. ఎల్వుడ్ మూడోవాడు! ఎగిరి గంతేశాను. పక్కన ఎవరి నిమ్మరసమో ఒలికింది.

అప్పుడు ఊడిపడ్డాడు అదే దళంలోని వెర్న్. మీసాల నిండా పంచదార, ఒక బూటుకి లేసే లేదు. గుర్రాన్ని ఈడ్చుకొచ్చి వరస మొదట్లో దూరాడు. అందరూ ఒక్కడుగు జరిగారు.

"ఒకటి!" "రెండు!" "మూడు!"

ఎల్వుడ్ గుండెలు పొంగించి, మైదానం మారుమోగేలా "నాలుగు!" అన్నాడు.

అవతల పొగ, పేలుళ్ళు, కేకలు. ఇవతల చెట్ల కింద నాలుగు గుర్రాల కళ్ళాలు పట్టుకుని ఎల్వుడ్. కొత్త కార్బైన్ నడుం పక్కన ఊరికే వేలాడుతోంది.

ఆట అయిపోగానే ముందు వెర్న్‌ని పట్టుకున్నాను. "ఏవయ్యా, తిండి కాసేపు ఆగకూడదూ?"

"నేనేం చేశానమ్మా? మిఠాయి అంగడి దగ్గర లైను పొడుగ్గా ఉంది!" అని జారుకున్నాడు.

తర్వాత ఎల్వుడ్‌ని నిలదీశాను. "ఒక్కమాట అడిగుంటే కెప్టెన్ మార్చేవాడుగా! పడవ అమ్మి కొన్నది గుర్రాలకి చూపించడానికా? ఎందుకు ఊరుకున్నావు?"

ఎల్వుడ్ చెమట తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఇన్నేళ్ళూ తుపాకి లేక గుర్రాలు పట్టుకున్నా. ఇవాళ లెక్కలో వచ్చి పట్టుకున్నా ఆర్డిత్! నా నోటితో నేను 'నాలుగు' అన్నా, విన్లేదా? రేపు మళ్ళీ లెక్కపెడతారు. నువ్వు మాత్రం పెందలాడే వచ్చి తాడు దగ్గర చోటు పట్టుకో."