తోకచక్రం

మొన్న మదనపల్లెలో బాబును స్ట్రోలర్‌లో తోసుకుపోతుంటే ముందు చక్రం ఒకటి గడగడా వణకడం మొదలుపెట్టింది. వాడికి ఏ మూల తగులుతుందో, ఏది ఊడుతుందో అని రోజంతా భయపడే మనిషిని. అక్కడే రోడ్డు పక్కన గొంతుకూర్చుని, ఆ చక్రాన్ని వేలితో అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడే పుంగనూరు మామ విమానం గుర్తొచ్చింది.

మా అమ్మ తమ్ముడైన ఈ మామకు పుంగనూరులో ట్రాక్టరు ట్రైలర్లు చేసే షెడ్డు ఉండేది. అందులో ఒక పక్కన, ఇంజనీరింగు చదివే నన్ను కొలతల బొమ్మలు గీయడానికి పెట్టుకుని, ఒక మనిషి పట్టే చిన్న విమానం కట్టాడు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఉక్కు పట్టీకి బిగించిన అరచేయంత చక్రం. రెక్కలూ ఇంజనూ కుదిరాయి గానీ ఆ చిన్నదే కుదరలేదు. ఖాళీగా తోస్తే బుద్ధిగా వచ్చేది. మామ ఎక్కి నేల మీద నడిపితే మాత్రం వణికి, మళ్లి, తోకను ఈడ్చుకుపోయేది. మామ రబ్బరు మార్చాడు, బేరింగు మార్చాడు, నా మీద కేకలేశాడు. విమానం కంచెను గుద్దిన రోజు, కుప్పం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన అత్త ఒట్టు వేయించుకుంది: ఇంకొక్కసారి తోక తిరిగితే పాత ఇనుముకు వేసేయాలి.

ఆ ఆఖరి పరీక్ష ఊరి బయట, ప్లాట్లు వేసినా ఎవరూ కొనని లేఅవుట్ మట్టిరోడ్డు మీద జరిగింది. కొత్త బండికి చేసినట్టే అత్త మూడు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. మామ ఎక్కి నడపగానే ముందువి రెండూ చితికాయి. తోకచక్రం నిమ్మకాయను ఎక్కలేక పక్కకు మళ్లింది. నాలుగడుగులు పోకముందే తోక గిర్రున తిరిగింది.

“నిమ్మకాయకే బెదిరే సక్రాన్ని నమ్ముకోని మోడాల్లోకి ఎగిరిపోతావా?” అంది అత్త.

మామ ఇంజను ఆపి దిగాడు. అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టింది. “అమ్మే ముందర నేనూ ఒగసారి కూసుంటా. ఇన్నేండ్లు దీంతో కాపరం చేసినా గదా. తొయ్యండి.”

“మెల్లిగ ఎక్కు, ఇరగ్గొడతావు.”

“పాతినుముకు పొయ్యేదానికి ఇరిగితే ఏమి?”

నేను రెక్క దగ్గర, మామ తోక వెనక నిలబడి తోశాం. అంతదాకా మామ ఉంటే లోపల ఉన్నాడు, లేకపోతే ఖాళీ విమానాన్ని తోశాడు. మనిషి ఎక్కిన విమానాన్ని వెనకనుంచి చూడడం ఆయనకు అదే మొదలు. అత్త బరువుకు ఉక్కు పట్టీ వంగింది, చక్రం తిరిగే నిలువు పిన్ను తల ముందుకు వాలింది.

“కదలాకు! ఆడే ఉండు!” అని అరిచాడు మామ.

“యాల? పామా?” అంది అత్త బిగుసుకుపోయి.

మామ అప్పటికే మట్టిలో బోర్లా పడుకున్నాడు. “ఎవురూ ఎక్కనప్పుడు పిన్నుకు కోణం పెట్టినా పాపా. బరువు పడితే వాలిపోతాండాది, సూడు,” అన్నాడు నాతో.

“మరి అమ్మేదేనా?” అని అత్త పైనుంచి అడిగింది.

“రవ్వంత ఎనక్కి వంగు,” అన్నాడు మామ. అత్త వంగింది.

గట్టి పట్టీ వేసి, పిన్నును ముందే కాస్త వెనక్కి వాల్చి బిగించాక, ఆ విమానం అదే రోడ్డు మీద తిన్నగా పరుగెత్తింది. ఒట్టు మాట అత్త మళ్లీ ఎత్తలేదు. ఆ పిన్ను ఎంత వాలాలో నాకు ఇప్పటికీ గుర్తుంది. అత్త ఆ ఎండలో కదలకుండా ఎంతసేపు కూర్చుందో మాత్రం ఆ రోజు మేమెవరమూ చూసుకోలేదు.