రెండో రౌండు

మొన్న పొద్దున మా కాలనీ గ్రౌండులో నేను నా మానాన నడకకూ పరుగుకూ మధ్యగా పోతుంటే, పిల్లలకు ఆటలు నేర్పే కోచ్ ఒకాయన ఈల ఊది, అందరికీ వినపడేలా, "అవ్వా, గీ వయసుల ఉరుకుడేంది, ఓ పక్కకు కూసో" అన్నాడు. నేను కూర్చోలేదు గానీ, ఇంటికి వచ్చాక కూడా ఒళ్లు మండుతూనే ఉంది. నలభై మూడేళ్ల వయసులోనూ ఇదే గ్రౌండులో ఇలాంటి మాటే పడ్డాను మరి.

అప్పుడు ఇక్కడే, గోదావరిఖనిలో ఒక గని మీద ల్యాంపు రూములో పనిచేసేదాన్ని. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకొని ఛార్జింగుకు పెట్టడం నా పని. అది మా ఆయన ఉద్యోగానికి బదులు వచ్చింది. గనిలో పొగ కమ్మితే గాలి సిలిండరు వీపున కట్టుకొని లోపలికి పోయే రెస్క్యూ జట్టులో ఉండేవాడాయన. ఊపిరితిత్తులు పాడై, మెడికల్ అన్‌ఫిట్ అని రాయించుకొని ఇంట్లో కూర్చున్నాడు. నేను నాలుగు మెట్లెక్కి ఆయాసపడటం చూసి, తన ఊపిరి ఎట్లాగూ పోయింది, నాదన్నా నిలబెట్టాలని ఆయనే నన్ను గ్రౌండుకు తీసుకుపోయాడు.

మొదటి నెల పరుగే లేదు. నోరు మూసుకొని నడవాలి, నాలుగు అడుగులకు ఊపిరి తీసుకొని ఆరు అడుగులకు వదలాలి. ఆయన గ్యాలరీ మెట్ల మీద గడియారం పట్టుకొని కూర్చునేవాడు. "ఊపిరి గుంజుకునుడు అందరికి వస్తది, ఇడుసుడు నేర్సుకో" అనేవాడు. తర్వాత మెల్లగా పరుగెడుతూ మా పుట్టింటి వాళ్ల పేర్లన్నీ పైకి చెప్పమనేవాడు. మధ్యలో మాట తెగిందంటే వేగం తగ్గించాలి. మా చెల్లెలి పంజాబీ డ్రెస్సు వేసుకొని ఉరుకుతున్నానని మా అత్త నాతో మాటలు మానేసింది. ఐదో నెలకు ఆగకుండా రెండు రౌండ్లు, అంటే ఎనిమిది వందల మీటర్లు, పరుగెత్తగలిగాను.

ఆ ఏడు గని క్లబ్బు వాళ్లు ఆటలపోటీల జాబితా అంటించారు. నలభై దాటిన మగవాళ్లకు ఎనిమిది వందల మీటర్ల పరుగు, మాకేమో నిమ్మకాయ చెంచా, కుర్చీలాట. నేను పరుగుకు పేరు రాసిస్తే ఆటల ఇన్‌ఛార్జి నవ్వాడు. "నీకేమన్నయితే జవాబు నేను చెప్పాల్నా అక్కా? నిమ్మకాయ పట్టుకొని నడువు, బహుమతొస్తది." ఎనిమిది గంటలు నిలబడి దీపాలెత్తే ఒంటికి రెండు రౌండ్లు ఎక్కువవుతాయని ఆయనకు ఎవరు చెప్పారో. నేను పట్టు వదలకపోయేసరికి, ముగ్గురుంటేనే పోటీ పెడతామన్నాడు. క్యాంటీనులో చేసే మా వదిననూ, దవాఖానలో ఆయాగా ఉన్న మా చిన్నమ్మ బిడ్డనూ బతిమాలి, వాళ్లకూ ఊపిరి వదలడం నేర్పించాను.

మా పరుగును అన్నిటికన్నా చివర, మండుటెండలో, షామియానా విప్పుతుండగా పెట్టారు. ఒక రౌండు కాగానే ఇన్‌ఛార్జి ఈల ఊది, చాలు ఆగమన్నాడు. నేను ఆగలేదు. వెనకాల ఆ ఇద్దరూ ఆగలేదు. మేం రెండో రౌండు ముగించేసరికి టైము రాసుకునేవాడు కూడా లేడు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మెట్ల మీద మా ఆయన ఒక్కడే లేచి నిలబడి ఉన్నాడు.

మర్నాడు నోటీసు బోర్డులో 'మహిళల సరదా పరుగు' అని రాశారు. కలం తీసి 'సరదా' అన్న మాట కొట్టేశాను. ఆఫీసు వాళ్లు సంజాయిషీ అడిగితే, మేం సరదాకు ఉరకలేదని ఒక్క ముక్క రాసిచ్చాను. మరుసటి ఏడు జాబితాలో మహిళల ఎనిమిది వందల మీటర్లు కనిపించింది. ఏడుగురం పరుగెత్తితే నాకు నాలుగో స్థానం, బహుమతి లేదు. అప్పటికి మంచం దిగలేని మా ఆయన ఒక్కటే అడిగాడు. "ఆఖరుకు ఊపిరి మిగిలిందా?" కొంచెం మిగిలిందన్నాను. "మరెందుకు దాసినవ్" అన్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఇప్పుడు ఆడపిల్లలు ట్రాకుప్యాంట్లు వేసుకొని ఉరుకుతుంటే ఎవరూ తలతిప్పి చూడరు, పోటీకి పేరివ్వమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. సంతోషమే. కానీ నా ఈడు ఆడవాళ్లలో ఎందరికో, తమ ఒంట్లో ఎంత ఊపిరి ఉందో తెలుసుకునే వీలే లేకుండా వయసంతా గడిచిపోయింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.