గంగామణి చేతులు తడిగా లేవు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. అన్నం తినేటప్పుడూ ఉంది, నవ్వేటప్పుడూ ఉంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది బాన్సువాడ. బీడీలు చుడతాను. అప్పట్లో మా వాడకట్టులోనే గంగామణి ఉండేది. నాకంటే రెండేళ్లు చిన్న, అక్కా అని పిలిచేది. రోజూ ఇంటి పని కాగానే చాట చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చేది. గోడకు ఆనుకుని కూర్చుంటే సాయంత్రం దాకా ఇద్దరం లేచేవాళ్లం కాదు. ఆమె వేళ్లు మీరు చూడాల్సింది. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, ఏది ఎప్పుడు జరిగిందో కనబడేది కాదు. అక్కచెల్లెళ్లు లేని నాకు ఆ మధ్యాహ్నాలే పుట్టిల్లు.

ఎండాకాలంలో ఆమె రావడానికి మా ఇనుప కూలరు కూడా ఒక కారణం. ఆ ఏడు ఎండలు ముదిరాక, కూలరు వేయగానే ఫ్యూజు పోవడం మొదలైంది. మార్చినా మళ్లీ పోయేది. మాకు కరెంటు పని చేసే అన్న బిచ్కుందలో ఉన్నాడు, రెండు రోజుల దాకా రాలేనన్నాడు. ఎదురింటివాళ్లు కొత్త కూలరు తెచ్చారని, తనను అక్కడికి రమ్మంటున్నారని అదే రోజు గంగామణి చెప్పింది. మామూలుగానే చెప్పింది. ఇక మా ఇంటికి రాదేమోనని నాకే భయమేసింది.

రెండు రోజులు ఆగలేనా? ఆగలేకపోయాను.

ప్లగ్గులోని పచ్చ తీగ తీసేస్తే ఫ్యూజు పోదని ఎవరో అంటుంటే విన్నాను. దాన్ని మాత్రం ఎన్నడూ తీయొద్దని, రేకుకు కరెంటు వస్తే మనిషిని కాపాడేది అదేనని కరెంటు అన్న బిగించిన రోజే చెప్పాడు. అదీ విన్నాను. కూరగాయల కత్తితో ప్లగ్గు విప్పి తీగ ఊడదీశాను. కూలరు తిరిగింది. చెప్పులతో నిలబడి రేకు మీద వేలు పెడితే సన్నగా జుమ్మంది. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, తెలుసు. ఆమెను దాని దగ్గరికి పోనీయకుండా నేనే చూసుకుంటాననుకున్నాను. ఒక మనిషి ప్రాణానికి నా చూపు కాపలా చాలని ఎలా అనుకున్నాను?

మరునాడు మధ్యాహ్నం నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. గాలికి తంబాకు ఎగురుతోందని ఆమె లేచి కూలరును పక్కకు తిప్పబోయినట్టుంది. కింద కూలరు కారిన నీళ్లు. వట్టి కాళ్లు. కేక కూడా వినబడలేదు. నేను చాయ్ తీసుకుని వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి రేకుకు అతుక్కుపోయి ఒళ్లంతా వణుకుతోంది. పరుగెత్తి మెయిను ఆపాను. పడిపోయింది.

వాడకట్టువాళ్లు ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. తాళం వేసి వస్తానని నేను వెనక ఉండిపోయాను. తాళం కోసం కాదు. పచ్చ తీగ మళ్లీ బిగించడానికి. ఆ పని చేస్తున్నప్పుడు నా చేతులు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కరెంటు అన్న వచ్చి చూశాడు. కూలరు లోపలి నీళ్ల పంపు తీగ ఒరిసిపోయి రేకుకు తగులుతోందన్నాడు. పచ్చ తీగ ఉండగా ఫ్యూజు ఎందుకు పోలేదో తెలియక చాలాసేపు ప్లగ్గు వైపే చూశాడు.

మూడో రోజు గంగామణి నన్ను మంచం దగ్గరికి పిలిచింది. చేతికి మోచేయి దాకా కట్టు.

"అక్కా, గప్పుడు నా చేతులు తడిగుండెనా? నాకేం యాదికొస్తలేదు."

ఆమెను ఆటో ఎక్కించేటప్పుడు నేను చూశాను. వేళ్లకు పొడి తంబాకు అంటుకుని ఉంది.

"తడిగనే ఉండెనే," అన్నాను. "కూలర్ల నీళ్లు పోసుకుంట పట్టుకున్నవ్."

ఆమె తన కట్టు వైపు చూసుకుంది.

"అయితే నాదే తప్పు తియ్. నువ్వు ఫికర్ చెయ్యకు. నిన్నెవ్వరన్న అంటే నేను జెప్త."

చెప్పింది కూడా. అడిగినవాళ్లందరికీ తన తడి చేతుల సంగతే చెప్పింది. అజాగ్రత్త మనిషివని వాళ్లత్త తిడుతుంటే తల వంచుకుని విన్నది. నేను అక్కడే ఉన్నాను. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. బీడీ చుట్టడం పోయింది. మరుసటి ఏడు వాళ్లు పిట్లం వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒక్కదాన్నే చుడతాను. ఎవరైనా వచ్చి కూర్చుంటామంటే ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను. ఇంట్లో ఏం జరిగినా, ఇది గంగామణికి చెప్పాలి అని ఇప్పటికీ ముందు అనిపిస్తుంది. తర్వాత గుర్తొస్తుంది.

ఈ మధ్య పిట్లం బస్టాండులో కనబడింది. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, ఒక రోజంతా ఉండేలా రమ్మంది. వస్తానన్నాను. వెళ్లలేదు. ఆమె పక్కన కూర్చోవాలని ఎంత ఉందో మీకు ఎలా చెప్పను? ఇది దాచుకుని వెళ్తే మళ్లీ మోసం చేసినట్టే. చెప్పాక నన్ను పక్కన కూర్చోనిస్తుందా? వెళ్తానని మీకు మాట ఇవ్వలేను.

తీగ తీసి, మళ్లీ పెట్టి, ఆమె చేతులు తడిగా ఉన్నాయని అబద్ధమాడింది నేనే. ఈ వాక్యం రాసి నాకు నేనే పైకి చదువుకున్నాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి నా చెవులు విన్నాయి. కాగితం చింపేయాలనిపించింది. చింపలేదు.