ఆడినందుకు జీతం

మా అన్న పోయాడు. తంతి శనివారమే వినుకొండ చేరిందట గానీ, వానలకు వాగు పొంగడంతో మా పేటకు సోమవారం వరకూ రాలేదు. సన్నిపాత జ్వరంతో మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశాడనీ, ఆదివారం సమాధి చేస్తున్నామనీ ఇంగ్లీషులో ఉంది. అంటే మా చేతికి వచ్చేసరికే అంతా అయిపోయింది. చదివి చెప్పవలసినవాణ్ని నేనే. పెదనాన్న రెండోసారి కూడా చదివించుకుని, "ఆదివారం నేను గుళ్లో పాట ఎత్తుకున్నా గదరా" అని మాత్రం అన్నాడు.

అన్న ఆయన కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. మద్రాసులో ఒక బట్టల మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాసేవాడు. అదే అతని ఉద్యోగం. ఆట ఉద్యోగమెలా అవుతుందని మీలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. మా పల్నాడులో చాలామంది నవ్వారు. అందుకే ఉన్నదున్నట్టు రాయాలనిపించింది.

మేము చదివిన మిషన్ బోర్డింగు బడికి యుద్ధానికి ముందు ఆస్ట్రేలియా నుంచి ఒక దొర వచ్చాడు. మాకు లెక్కలు చెప్పేవాడు. ఆయన దగ్గర కోడిగుడ్డులా కోలగా ఉన్న తోలుబంతి ఒకటి ఉండేది. తమ దేశంలో ఆ ఆట ఆడి బతికేవాళ్లున్నారనీ, కుర్రతనంలో తానూ ఒక జట్టుకు ఆడాననీ చెప్పేవాడు. ఆ బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టవచ్చు. ఎగిరి గాలిలోనే పట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి వెనక్కి జరగాలి. పట్టినవాడు నిమ్మళంగా తన్నుకోవచ్చు. ఫుట్‌బాలంటే ఇదేనని మేమంతా నమ్మాం. రాళ్లు తేలిన ఆ నేలమీద, వట్టి కాళ్లతో, అన్న ముందున్నవాడి భుజానికి మోకాలు ఆనించి మరీ ఎగిరేవాడు.

దొర ఒకరోజు పెదనాన్నను పిలిపించి, మీవాడు మా దేశంలో పుట్టి ఉంటే వీడికి ఇదే వృత్తి అయ్యేదని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. పెదనాన్న దండం పెట్టి ఇంటికొచ్చి, "ఆటకి జీతమిచ్చేవాడు పిచ్చోడన్నా అయ్యుండాల, దొంగన్నా అయ్యుండాల" అన్నాడు. ఆయన మా క్రైస్తవ గుడికి పెద్ద. మిరపచేలో ఎండకు మాడి మమ్మల్ని పెంచినవాడు. నడుం వంచితేనే పని అని ఆయన లెక్క. ఆ లెక్కను నేను తప్పుపట్టలేను.

యుద్ధం నడుస్తుండగానే దొర తన దేశం వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా డ్రిల్లు మాస్టారు ఎవరినో పట్టుకుని, మిల్లు జట్టు ఎంపికకు అన్నను మద్రాసు పంపించారు. తోడుగా నేనూ జొన్నరొట్టెలు మూటగట్టుకుని రైలెక్కాను. అక్కడ బంతి గుండ్రంగా ఉండడం చూసి అన్న, "ఇది ఇంకా సులువురా" అన్నాడు.

ఆట మొదలైన కాసేపటికే బంతి పైకి లేచింది. అన్న ఇద్దరి తలల మీదుగా ఎగిరి, రెండు చేతులా పట్టి, కిందికి దిగి కదలకుండా నిలబడ్డాడు. అందరూ వెనక్కి జరుగుతారని చూస్తున్నాడు పాపం. ఈల మోగింది. మైదానమంతా ఒకటే నవ్వు. సరిగ్గానే పట్టాను గదా, ఎందుకు నవ్వుతున్నారన్నట్టు నా వైపు చూశాడు. నాకూ తెలియదు. మళ్లీ బంతి వచ్చింది, మళ్లీ అలాగే పట్టాడు.

ఇక లాభం లేదని చొక్కా భుజాన వేసుకుని అన్న వచ్చేస్తుంటే జట్టు పెద్ద అడ్డం వచ్చాడు. పటాలంలో పనిచేసి వచ్చిన నెల్లూరాయన.

"ఎవురు నేర్పార్రా నీకు ఇట్టా పట్టేది?"

"మా దొరండీ."

"చేత్తో పట్టకూడదని చెప్పలా?"

"పడితేనే మెచ్చుకునేవాడండీ."

ఆయన నవ్వలేదు. "చేత్తో పట్టేదానికి జట్టుకి ఒక్కడుంటాడు. పోయి ఆ గుంజల మధ్య నిలబడు" అన్నాడు. పొద్దుగూకేదాకా వరసపెట్టి తన్నించాడు. ఇందాక నవ్వినవాళ్లే తన్నారు, వాళ్లే అలిసిపోయారు. అన్న మోచేతులు రెండూ దోక్కుపోయాయి. నన్ను ఒక్కణ్నే ఊరికి పంపించి అతను అక్కడే ఉండిపోయాడు.

మొదటి ఏడాది జట్టుతో తిరిగాడే గానీ ఆడనివ్వలేదు. తర్వాత అప్పటిదాకా గోలు కాసినవాడికి భుజం ఎముక విరిగితే అన్నను దింపారు. స్వరాజ్యం వచ్చేనాటికి మొదటి జట్టులో గోలు అతనిదే. మా పేటలో మాత్రం పెదనాన్న, "మావాడు మిల్లులో మగ్గం మీద పనిచేస్తన్నాడు" అని చెప్పుకొచ్చాడు. అది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు అన్న వేలికి పెద్ద కట్టు ఉంది. పక్కింటి అత్త, "ఏందిరా అయ్యా ఆ వేలు?" అని అడిగింది. అన్న నోరు తెరిచేలోగా పెదనాన్న, "మగ్గంలో పడింది" అన్నాడు. అన్న ఆయన ముఖం ఒకసారి చూసి, "అవునత్తా, మగ్గమే" అన్నాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. చేలోకి వెళ్లాక అడిగేశాను.

"ఎందుకన్నా ఆ అబద్ధానికి తాళం వేస్తావు?"

"నాయన చానా సిగ్గుపడతన్నాడురా. పదిమందిలో పరువు తీసేదేంది?" అని, వేలి కట్టు సర్దుకుంటూ, "నా కొడుకు బంతాడతాడు అని ఆ నోటితో ఒక్కసారి అంటే చాలు. నాకు ఇంకే బహుమతీ వద్దు. ఎప్పటికన్నా అంటాళ్లే" అన్నాడు.

సెలవులకు వచ్చినా ఊరికే కూర్చునేవాడు కాదు. ఆముదం రాసుకుంటూ వాచిన వేళ్లు ఒక్కొక్కటీ లాగుకునేవాడు. నేను పంతులుగా ఉన్న బడికి వచ్చి పిల్లలను ఆడించేవాడు. "బంతిని చూడబాకండి, తన్నేవాడి తుంటిని చూడండి" అనేవాడు. గోలు పడినవాడు ఏడిస్తే, "పోయినదాన్ని తిట్టబాక. తీసి నడిమికి తన్ను" అనేవాడు. తడబడినవాణ్ని చూసి ఎవరైనా నవ్వితే మాత్రం ఆట ఆపేసేవాడు. బడిలో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే నేను నవ్వకుండా ఉండగలుగుతున్నానంటే అది అతని పుణ్యమే.

మొన్న జట్టు పెద్ద అన్న పెట్టె తీసుకుని మా పేటకు వచ్చాడు. ఆ సాయంత్రమే గుడి ముందు చాపలు పరిచి, పోయిన అన్న కోసం ఆదరణ కూటం పెట్టాం. పాస్టరుగారు కొత్తగా వచ్చినవారు. తాను విన్నట్టే, "మద్రాసు మిల్లులో మగ్గం నేస్తూ నమ్మకంగా బతికినవాడు" అని చెప్పసాగారు. జట్టు పెద్ద తలెత్తి నా వైపు చూశాడు. నేను చాప వైపు చూశాను.

పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, కాస్త ఆగండి. మావాడు మగ్గం ముట్టుకోలా. నా కొడుకు బంతాట ఆడేవాడు. ఆడినందుకే జీతమిచ్చారు. నేనే సిగ్గుపడి అందరికీ అట్టా చెప్పా."

ఆయన జట్టు పెద్ద వైపు తిరిగాడు.

"నేను ఒక్కసారన్నా చూడలా అయ్యా. ఎట్టా నిలబడేవాడో చూపిస్తావా?"

నెల్లూరాయన కళ్లు తుడుచుకుని లేచాడు. గుడి పక్క బయలులో ఎడంగా రెండు రాళ్లు పెట్టి, పెదనాన్నను నడిమికి తీసుకెళ్లాడు. కాళ్లు దూరంగా పెట్టించి, మోకాళ్లు కొంచెం వంచమన్నాడు. చేతులు రెండు పక్కలా చాపించాడు. పెదనాన్న ఆ రాయినీ ఈ రాయినీ చూసుకున్నాడు.

"ఇంత జాగా ఒక్కడేనా?"

"ఒక్కడే, పెద్దాయనా."

జట్టు పెద్ద పక్కకు తప్పుకున్నాడు. పెదనాన్న ఖాళీ బయలుకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. చాపిన చేతులు ఆయన దించలేదు.