శ్రీశైలం ఘాటు రోడ్డు దిగుతూ నేర్చుకున్న బ్రేకు

పెళ్లయిన ఆరు నెలలకు, అంటే ఎనభైల నడుమ, మా ఆయన మొదటిసారి "ఎటన్న పోదామా?" అని అడిగాడు. ఆయన డోర్నకల్‌లో రైలు పెట్టెల బ్రేకులు బాగుచేసే ఫిట్టరు. నేను రఘునాథపల్లిలో టీచర్ని, స్టేషన్ నుంచి బడికి సైకిలు మీద వెళ్లేదాన్ని. వరంగల్‌లోని అద్దె ఇంట్లో ఆదివారాలే కలిసేవాళ్లం. మా మధ్య మొహమాటం ఇంకా పోలేదు. మా పక్క దారులన్నీ చదునైనవే కాబట్టి, "తొక్కకుండ చానాసేపు దిగే గుట్టకు పోదాం" అన్నాను.

శనివారం పొద్దున హనుమకొండ బస్టాండులో మా ఇద్దరి సైకిళ్లూ బస్సు పైన కట్టించి హైదరాబాదు చేరాం. మర్నాడు ఆరు గంటలకు శ్రీశైలం బస్సెక్కాం. సైకిలుకు సగం టికెట్టు తీసుకున్నారు. మన్ననూరు దాటాక అంతా అడవే. పన్నెండింటికి దోమలపెంటలో దిగి అర్ధరూపాయి చాయ తాగాం. "కిందికెల్లి లారీలొస్తయి బిడ్డా, ఎడమ పక్కనే పోన్రి" అంది హోటలామె.

ఈగలపెంట దాటాక దారి కృష్ణ వైపు దిగడం మొదలైంది. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే ఆయన్ని వెనకే వదిలేశాను. రెండు బ్రేకులూ మాత్రం మొదటి నుంచీ నొక్కిపట్టే ఉంచాను, అదే జాగ్రత్త అనుకుని. కాసేపటికి రబ్బరు కాలిన వాసన వచ్చినా పట్టించుకోలేదు. తర్వాతి మలుపులో కర్రల లోడు లారీ ఎదురొచ్చింది. ఎంత నొక్కినా సైకిలు ఆగలేదు. రోడ్డు పనికి ఎడమ పక్కన పోసిన ఇసక కుప్ప కనబడితే హ్యాండిలు అటు తిప్పేశాను. మోచేయి చీరుకుపోయింది, నోటినిండా ఇసక. లారీ డ్రైవరు ఆపి, "బతికినవమ్మా!" అని నీళ్లిచ్చి వెళ్లాడు.

మా ఆయన వచ్చేసరికి నేను చక్రం అంచు పట్టుకుని లేవబోయి వేళ్లు కాల్చుకున్నాను. ఆయన వంగి నా బ్రేకు రబ్బర్లు చూశాడు.

"రైలు పెట్టెకు గూడ ఇంతే. దిగుట్ల బ్రేకు పట్టుకునే ఉంటె కాలుతది. నీ రబ్బరు మెత్తవడి జారింది. గట్టిగ పట్టాలె, ఇడువాలె. ఇడిచినప్పుడు గాలికి చల్లారుతది."

"ఈ ముచ్చట పైననే చెప్పొద్దా?" ఏడుస్తూ అడిగాను.

"సైకిలు నాకంటె నీకే మంచిగొస్తది. చెప్తె ఏమనుకుంటవో అని ఊకున్న."

"అనుకుంటె అనుకుంట. మీరు చెప్పాలె."

అరగంట చల్లారనిచ్చి, బ్రేకులు బిగించి, నన్ను ముందు పోనిచ్చి తాను వెనక నుంచి అరుస్తూ వచ్చాడు: "పట్టు! ఇడువు! మల్ల పట్టు!" మూడున్నరకు కృష్ణ వంతెన మీద ఉన్నాం. ఇక ఎటు పోయినా ఎక్కుడే కాబట్టి వెనక్కి మళ్లీ బస్సే.

ఈ మధ్య మా చెల్లెలి మనవరాలు ఇనుముకు బదులు తేలికైన కార్బన్‌తో చేసిన చక్రాల సైకిలుతో అదే ఘాటు దిగుతానంది. కార్బన్ అంచుకు వేడి అసలే పడదట. మీరూ వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: మీ చక్రానికి తగిన బ్రేకు రబ్బర్లే వేయించుకుని, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, వేగం తగ్గగానే వదిలేయండి. నా మోచేతి మచ్చ ఇప్పుడు వెతికితే గానీ కనబడదు. కానీ ఆ రోజు అరిచి అరిచి మా ఆయన గొంతు బొంగురుపోవడం, తిరుగు బస్సులో ఆ గొంతుతోనే హైదరాబాదు దాకా నాతో కబుర్లు చెప్పడం నిన్నటి సంగతిలా ఉంది.