మౌలాలి మాస్టారి మీద నా కుళ్ళు

ఇస్త్రీపెట్టె కింద తడి నూలుగుడ్డ ఆవిరి వాసన వేసినప్పుడల్లా నాకు మౌలాలి మాస్టారు గుర్తొస్తారు. నిన్న సాయంత్రమూ అంతే, చేతిలో పని ఆగిపోయింది. ఏలూరులో మా ముస్లింల వీధికి ఆయన పెద్ద దర్జీ, నాకు కత్తెర పట్టడం నేర్పిన గురువు. తలచుకోగానే కళ్ళు చెమర్చాయని రాస్తే బాగానే ఉంటుంది కానీ అబద్ధమాడలేను. నాకు ముందు పుట్టేది కుళ్ళు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఎదురుగానే కొట్టు పెట్టాను. కుట్టు నాదే నాజూకు. అయినా జనం గుడ్డ నాకిచ్చి, కష్టసుఖాలు చెప్పుకోవడానికి ఆయన బల్ల దగ్గరికే వెళ్ళేవారు. ఆయన్ని "మాస్టారండీ" అనేవాళ్ళు నన్ను "ఏవోయ్" అనేవాళ్ళు. పదేళ్ళు ఉడికిపోయాను.

రెండువేల నాలుగు ఎన్నికలొచ్చాయి. ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థికి వీధి పెద్ద తెల్లటోపీ తొడగడం మా దగ్గర ఆనవాయితీ. ఫొటో తీస్తారు, మర్నాడు పేపర్లో పడుతుంది, ముస్లింలంతా తమ వైపేనని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఏడు వచ్చినాయన మాస్టారి కొట్టు ముందు తల వంచి నిలబడ్డాడు. మాస్టారు మెడలో టేపైనా తీయలేదు.

"టోపీ తర్వాతండీ. ముందు మాతో ఖబరస్తాన్ దాకా నడవండి. వానాకాలం మురుక్కాలవ నీళ్ళు మావాళ్ళని పూడ్చే గోతుల్లోకి వచ్చేస్తున్నాయండీ. ఒక గట్టు కావాలి," అన్నారు.

"తప్పకుండానండీ. ఇంతకీ మీవాళ్ళ ఓట్లన్నీ మాకేగా?"

"మా ఓట్లు ఒకే మూట కాదండీ, ఎవరి ఓటు వాళ్ళదే. చచ్చినోణ్ణి మనిషిలా పూడ్చుకోనిచ్చేదెవరో చూసి వేస్తాం."

అభ్యర్థి నడవడానికి ఒక అడుగు వేశాడు కూడా. అందరి చూపూ మాస్టారి మీదే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కొట్లోంచి కొత్త టోపీ పట్టుకుని పరుగెత్తి, అభ్యర్థి తలకు తొడిగేశాను. కెమెరాలు మెరిశాయి. "మీలాంటి పెద్దలే కావాలండీ" అని నన్ను కావలించుకుని, ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు పేపర్లో నా బొమ్మ. మాస్టారు అది చూసి "టోపీ కుట్టు బాగా కుదిరిందిరా" అన్నారు, అంతే. తిట్టినా బతికిపోయేవాణ్ణి.

ఆ వానాకాలంలోనే మాస్టారు పోయారు. గొయ్యి తవ్వుతుంటేనే నీళ్ళు ఊరాయి. నేనూ దిగి బక్కెట్టుతో తోడాను. తోడేకొద్దీ వస్తూనే ఉన్నాయి. గొయ్యి చుట్టూ గొడుగుల కింద ఎంతమందో ఏడుస్తున్నారు. చెప్పుకోకూడదు కానీ, ఆ బురదలో నిలబడి కూడా నా చావుకి ఇంతమంది రారే అనుకున్నాను. చివరికి ఆయన్ని తడిమట్టిలోనే దించాం.

ఆ తర్వాత ఓటడగడానికి ఎవరొచ్చినా నేను టోపీ ఇవ్వలేదు. ముందు ఖబరస్తాన్‌కి నడిపించాను. చాలామంది సగం దారిలోనే వెనక్కి తిరిగారు. ఒకాయన మాత్రం ఆఖరిదాకా వచ్చి చూసి, కాలవ పక్కన గట్టు కట్టించాడు. దానికి జనం పెట్టుకున్న పేరు మాస్టారి గట్టు. కాళ్ళరిగేలా తిరిగింది నేనండీ! ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు కుళ్ళే. నేనారోజు టోపీ తొడగకపోతే ఆయన బతికుండగానే ఆ గట్టు లేచేదేమో. ఎందుకు తొడిగావని వీధిలో ఒక్కరూ నన్నడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర కుళ్ళు తప్ప వేరే కారణం లేదు.